పిండి పట్టినన్ని నీళ్ళు

ఆగస్టు నెలలో షార్జాలో చన్నీళ్ళ కుళాయి తిప్పితే వేడినీళ్ళు వస్తాయి. మేడ మీద ట్యాంకుల్లోని నీళ్ళు పగలంతా ఎండకు కాగి, రాత్రంతా ఉక్కకు చల్లారకుండా ఉండిపోయి, తెల్లవారుజామున కూడా మొహాన కొట్టుకుంటే చురుక్కుమనిపిస్తాయి. ఇక్కడ కాపురం పెట్టిన వాళ్ళందరికీ తెలిసిన ఉపాయం ఒకటుంది. ఎండలు ముదరగానే గీజరు స్విచ్ ఆపేస్తారు. ఇంట్లో ఏసీ చలువకి గీజరులో నిలవున్న నీళ్ళు మెల్లగా చల్లబడతాయి. ఇక అక్టోబరు దాకా వేడినీళ్ళ కుళాయే చన్నీళ్ళ కుళాయి. పన్నెండేళ్ళుగా ఇదే వరస అయినా ఏటా మొదటి కొన్నాళ్ళు నా చెయ్యి పాత కుళాయికే వెళ్తుంది. ఈ ఏడు ఒక శనివారం పొద్దున బ్రెడ్డుకని అరకిలో పిండి తూచి, మూడువందల గ్రాముల నీళ్ళు పట్టి, వేలు ముంచి చూసుకుని, బాగానే ఉన్నాయనుకుని ఈస్టు వేసి కలిపేశాను. గంట తిరక్కుండానే ముద్ద గిన్నె అంచు దాటి పొంగింది. వేలితో తాకితే ఉస్సురని కుంగిపోయింది. పుల్లటి వాసన. చెయ్యి ఎత్తితే తీగలు తీగలుగా వేళ్ళకు చుట్టుకుని వచ్చింది. ఉంగరం కింద ఇరుక్కున్న పిండిని సింకు దగ్గర నిలబడి పిన్నీసుతో గీరుకుంటుంటే ఒక సంగతి మనసులో పడి, అప్పటినుంచి పీకుతూనే ఉంది. ఆ నీళ్ళు వేడని నాకు తెలుసు. వేలు ముంచి మరీ చూశాను. మరి ఆ వేడి నా చేతికి సరిగ్గా ఉన్నట్టు ఎందుకనిపించింది?

పెళ్ళయిన కొత్తల్లో అమ్మను ఎదురుగా కూర్చోబెట్టుకుని వంటల కొలతలన్నీ ఒక డైరీలో రాసుకున్నాను. అమ్మకి కొలతలు చెప్పడమంటే మహా కష్టం. నెయ్యి ఎంత అంటే "తగినంత", యాలకులు ఎన్ని అంటే "నాలుగైదు", నీళ్ళు ఎన్ని అంటే "పిండి ఎన్ని పడితే అన్ని". అది కొలత ఎలా అవుతుందమ్మా అని విసుక్కుని, ఆవిడ చపాతీపిండి కలుపుతుంటే పక్కన గ్లాసు పట్టుకుని నిలబడి, పోసినన్ని కొలిచి రాసుకున్నాను. ఇంగ్లీషు మందుల సీసా మీద గీతలు చూసుకునే వయసు నాది అప్పుడు. అంకె ఉంటేనే ధైర్యం. ఇన్నేళ్ళకి అమ్మ మాట మళ్ళీ నెమరేసుకుంటే అందులో ఒకటి గమనించాను. పట్టేది పిండి. తెలుగులో పిండి నీళ్ళు పడుతుంది, లాగుతుంది, పీలుస్తుంది, తాగుతుంది. పోసే మనిషి ఆ వాక్యంలో లేనే లేదు. నేను గ్లాసు పట్టుకుని రాసుకున్నదేమిటి మరి? ఒక ఊళ్ళో, ఒక నెలలో, ఒక కొట్టులో కొన్న ఒక సంచి పిండి ఆ పూట ఎన్ని నీళ్ళు తాగిందో, అది. దాన్నే సూత్రంలా అట్టలు కట్టుకుని సముద్రం దాటించాను.

మా చిన్నప్పుడు తెనాలిలో ఇళ్ళల్లో ఓవెన్లు లేవు. కేకు చేయాలంటే కుక్కర్లో ఇసుక పోసి, మధ్యలో గిన్నె దించి, గాస్కెట్ తీసేసి మూత పెట్టడమే. బిస్కట్లకైతే బేకరీకి వెళ్ళేవాళ్ళం. వేసవి సెలవుల్లో మైదా, పంచదార, డాల్డా, వాసనకి కాస్త ఇంటి నెయ్యి, దంచిన యాలకులు తీసుకెళ్ళి ఇస్తే బేకరీ ఆయన కలిపి కాల్చిపెట్టేవాడు. సోడా, అమోనియా ఆయనవే. మా వంతు వచ్చేదాకా గుమ్మంలో నిలబడితే లోపలి వేడీ వాసనా కలిసి మొహాన కొట్టేవి. రేకుల మీంచి బిస్కట్లు గలగలమంటూ మా నూనెడబ్బాలోకి జారేవి. ఒకటి నోట్లో వేసుకుంటే గుల్లగా విరిగి, నమలకుండానే కరిగిపోయేది. షార్జాలో అద్దెకు తీసుకున్న ఫ్లాట్‌లో నాలుగు బర్నర్ల పొయ్యితో పాటు ఓవెన్ కూడా ఉంది. ఇక్కడ మనవాళ్ళ చాలా ఇళ్ళలో ఆ ఓవెన్ పెనాలూ మూకుళ్ళూ దాచుకునే అల్మారా. నాకు మాత్రం అది చూడగానే ఆ బేకరీ గుమ్మమే మా ఇంట్లోకి వచ్చినట్టనిపించింది. దిగిన పదిరోజులకే బిస్కట్లు మొదలుపెట్టాను.

హైపర్‌మార్కెట్‌లో పిండ్ల వరస ముందు ఆ రోజు ఎంతసేపు నిలబడ్డానో. మన దగ్గర పిండి అంటే మైదా, గోధుమపిండి, అంతే కదా. అక్కడ ఆల్ పర్పస్, కేక్ ఫ్లోర్, సెల్ఫ్ రైజింగ్, స్ట్రాంగ్ బ్రెడ్ ఫ్లోర్, ఇటలీ వాళ్ళ డబుల్ జీరో, కొన్ని ప్యాకెట్ల మీద నంబర్ 1, నంబర్ 2, చివర్న పది కిలోల సంచుల్లో చక్కీ ఆటా. అన్నిటి మీదా అరబ్బీలో తహీన్ అని ఉంది. తహీన్ అంటే విసిరినది. నువ్వుల ముద్దను తహీనీ అనడం కూడా ఆ విసరడంలోంచి వచ్చిందే. మైదా అన్న మాట మాత్రం ఎక్కడా కనిపించలేదు. అది పారసీకంలోంచి ఉర్దూ మీదుగా మన వంటింట్లోకి వచ్చిన మాట. గల్ఫుకి అవతలి ఒడ్డున పుట్టి మన దాకా వచ్చిన మాటను పట్టుకుని ఈ ఒడ్డున వెతికితే దొరకలేదు. తెల్లగా ఉంది, బలమైనది అని రాసి ఉంది, మంచిదే అయ్యుంటుందనుకుని స్ట్రాంగ్ బ్రెడ్ ఫ్లోర్ తెచ్చాను. బిస్కట్లు కొరికితే విరగలేదు, సాగాయి. రెండోసారి సెల్ఫ్ రైజింగ్ తెచ్చాను. అందులో బేకింగ్ పౌడర్ ముందే కలిసి ఉంటుందని తెలియక డైరీలో ఉన్న సోడా కూడా వేశాను. రేకు మీద అన్నీ ఒకదానిలోకొకటి పాకి, కుంగి, నాలుకకు సోడా చేదు తగిలింది. 1845లో ఇంగ్లండులోని బ్రిస్టల్‌లో హెన్రీ జోన్స్ అనే బేకరీ ఆయన పేటెంటు తీసుకున్న పిండి అది. ఓడల మీద నెలల తరబడి తిరిగే నావికులకు ఎక్కడ కావాలంటే అక్కడ తాజా రొట్టె దొరకాలని ఆయన తాపత్రయం. ఆ సంగతి చాలా ఏళ్ళ తర్వాత చదివాను. అప్పటికి నేనూ సముద్రం దాటిన మనిషినే కనుక ఆయన మీద కోపం పోయింది.

జర్మనీలో ఉన్న మా చెల్లెలికీ ఇదే తిప్పలు. అక్కడి పిండికి 405, 550, 1050 అని అంకెలుంటాయి. వంద గ్రాముల పొడిపిండిని పూర్తిగా కాలిస్తే ఎన్ని మిల్లీగ్రాముల బూడిద మిగులుతుందో ఆ అంకె. పొట్టు ఎంత మిగిలితే బూడిద అంత ఎక్కువ. ఫోన్‌లో ఈ సంగతి చెప్పుకుని ఇద్దరం కాసేపు మాట్లాడుకోలేకపోయాం. మన దగ్గర పిండిని వేళ్ళ మధ్య నలిపి, వాసన చూసి, నాలుక మీద వేసుకుని కదా మంచిచెడ్డలు తేల్చేది. కాల్చి మిగిలిన బూడిదతో తూచడం మాకు కొత్త.

తర్వాత తర్వాత చదువుకుంటే ఒక్కొక్కటీ విడింది. గోధుమలో జిగురునిచ్చే మాంసకృత్తులుంటాయి. గట్టి గోధుమలో ఎక్కువ, మెత్తటి గోధుమలో తక్కువ. మన మైదాలో నూటికి పదికి అటూ ఇటూ ఉంటే, బ్రెడ్డు పిండిలో పన్నెండు దాటతాయి, కేకు పిండిలో ఎనిమిది దగ్గరే ఆగుతాయి. ఆ జిగురే బ్రెడ్డును నిలబెడుతుంది, ఆ జిగురే బిస్కట్టును గుల్లబారనివ్వదు. అంతటితో అయిపోతే బాగుండేది. పిండి మరలో కూడా ఉంది కిటుకు. చక్కీలో రెండు రాళ్ళ నడుమ నలిగేటప్పుడు గింజలోని సన్నటి పిండిరేణువులు పగులుతాయి. రోలర్ మిల్లులో అంతగా పగలవు. పగలని రేణువు తన బరువులో సగం నీళ్ళయినా తాగదు. పగిలినది తన బరువుకి రెండింతలు తాగుతుంది. చపాతీపిండి అంత నీళ్ళు ఎందుకడుగుతుందో, మైదా కొంచానికే ఎందుకు జారిపోతుందో అప్పుడు తెలిసింది. పిండి కొద్దీ రొట్టె అన్న సామెతను చిన్నప్పటినుంచీ ఎంత పిండికి అంత రొట్టె అన్న అర్థంలోనే విన్నాను. ఎలాంటి పిండికి అలాంటి రొట్టె అని కూడా దానికి అర్థం చెప్పుకోవచ్చని షార్జా వచ్చాకే తోచింది.

సరే, ఇక్కడి పిండి తత్వం ఇదీ అని తేల్చుకుందామనుకున్నాను. ఇక్కడి పిండి అంటే ఏది? అబుదాబిలో గ్రాండ్ మిల్స్ 1978 నుంచి పిండి పడుతోంది. కానీ ఈ దేశం తినే గోధుమ దాదాపు అంతా బయటి దేశాల నుంచి ఓడల్లో వచ్చేదే. రష్యా, ఆస్ట్రేలియా, కెనడా, మన దేశం. 2022 మే 13న భారత ప్రభుత్వం గోధుమల ఎగుమతి ఆపేసింది. నెల తిరిగేసరికి, భారతదేశం నుంచి తెచ్చుకున్న గోధుమలనూ గోధుమపిండినీ నాలుగు నెలలపాటు మళ్ళీ బయటికి పంపకూడదని యుఏఈ ప్రభుత్వం ఉత్తర్వు ఇచ్చింది. ఆ వార్త చదివిన రోజు వంటింట్లోకి వెళ్ళి పిండిడబ్బా మూత తీసి చూశాను. ఎందుకు చూశానో చెప్పలేను. తెల్లటి పిండి, ఎప్పటిలాగే ఉంది. నాలుగు ఖండాల మట్టి కలిసి ఆ డబ్బాలో ఉంటే, నేను ఆ ప్యాకెట్ మీద ఊరిపేరు వెతుకుతున్నాను.

మా వీధి చివర ఒక అఫ్గాన్ రొట్టెల కొట్టుంది. సాయంత్రమయ్యేసరికి కిటికీ ముందు వరస కడతారు. లోపల ఒక కుర్రవాడు ముద్దను తట్టి సాగదీసి, గుడ్డదిండు మీద పరిచి, దిండుతో సహా చెయ్యి తందూరులోకి పెట్టి గోడకి చరుస్తాడు. మోచేతి దాకా వెంట్రుకలు కాలిపోయి ఉంటాయి. ఒకసారి జనం పలచగా ఉన్నప్పుడు నా గొడవంతా నాకొచ్చిన హిందీలో చెప్పి, నీళ్ళు ఎన్ని పోస్తావు భాయ్ అని అడిగాను. బస్తాకి ఇన్ని అని ఒక లెక్క చెప్పాడు. చెప్పి, చేతులు దులుపుకుంటూ ఇంకో మాట అన్నాడు. "కొత్త బస్తా విప్పిన పూట ఆ లెక్క పనికిరాదు బాజీ. సగం బకెట్టు నీళ్ళు పక్కన పెట్టుకుని మొదలుపెడతాం. వేసవిలో ఐసు గడ్డలు కూడా వేస్తాం." ఆ పూట కాల్చిన మొదటి రొట్టె అమ్మరట. తుంచుకుని చాయ్‌తో వాళ్ళే తింటారట. అప్పటినుంచి నేనూ నా మూడువందల గ్రాముల్లో యాభై గ్రాములు చిన్న గ్లాసులో విడిగా పెట్టుకుంటున్నాను. కొన్నిసార్లు గ్లాసు ఖాళీ అవుతుంది. కొన్నిసార్లు సగం మిగిలితే కిటికీలోని కరివేపాకు మొక్కకి పోస్తాను.

షార్జా హెరిటేజ్ డేస్‌కి వెళ్ళినప్పుడు ఇంకో విచిత్రం చూశాను. మొహానికి మెరిసే బత్తూలా ముసుగు కట్టుకున్న ఒక పెద్దావిడ గుండ్రటి ఇనుప పెనం ముందు కూర్చుని రగాగ్ చేస్తోంది. జారిపోయేంత పల్చటి గోధుమపిండి ముద్దను అరచేతిలో పట్టుకుని, కాలిన పెనం మీద చేత్తోనే చుట్టూ పులిమేసి, మిగిలిన ముద్దను చటుక్కున వెనక్కి లాక్కుంటుంది. పెనాన్ని పట్టుకున్న పొర కాగితంలా పెళపెళలాడుతూ లేస్తుంది. నాకు వెంటనే ఆత్రేయపురం గుర్తొచ్చింది. అక్కడ బోర్లించిన కుండ కింద మంట పెట్టి, జయ బియ్యం రుబ్బిన పల్చటి పిండిలో గుడ్డ ముంచి, కుండ మీద ఒక్క లాగు లాగితే రేకు వస్తుంది. పూతరేకులకు 2023లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. చూడటానికి రెండూ అక్కచెల్లెళ్ళే. కానీ బియ్యంలో ఆ జిగురు లేదు. పూతరేకు నిలబడేది వేడికి ఉడికిన గంజి పొర వల్ల. రగాగ్ సాగేది గోధుమ జిగురు వల్ల. ఆవిడ ముద్దతో కుండ మీద రేకు తీయలేం, మన రుబ్బుడుతో ఆవిడ పెనం మీద పులమలేం. అయినా నేను ఆవిడ చేతినే చూస్తూ నిలబడిపోయాను. ఆ చెయ్యి వెనక్కి లాక్కునే వేగం పిండిని బట్టి వచ్చిందా, ఆవిడ అమ్మను చూసి వచ్చిందా?

ఆ ప్రశ్నతోనే మళ్ళీ నా గోరువెచ్చని నీళ్ళ దగ్గరికి వచ్చాను. అమ్మకు ఫోన్ చేశాను. "చపాతీపిండి గోరువెచ్చటి నీళ్ళతోనే ఎందుకు కలుపుతాం మనం?" అమ్మ వెంటనే, "మీ అమ్మమ్మ అలాగే కలిపేది" అంది. ఆవిడెందుకు అని గుచ్చి గుచ్చి అడిగితే ఖరగ్‌పూర్ కథ బయటికొచ్చింది. తాతయ్యది రైల్వే వర్క్‌షాపు ఉద్యోగం. అమ్మమ్మ డెల్టాలో పుట్టి పెరిగిన మనిషి. గోధుమరొట్టె అంటే జ్వరం వచ్చినవాళ్ళకి పెట్టే పథ్యమనే ఆవిడకు తెలుసు. 1965, 66 కరువు రోజులు. ప్రధాని శాస్త్రిగారు సోమవారం రాత్రి భోజనం మానుకోమన్న కాలం. పి.ఎల్. 480 పథకం కింద అమెరికా నుంచి ఓడల నిండా గోధుమలు దిగుతున్నాయి. 1966లో దేశంలోకి వచ్చిన తిండిగింజలు కోటి టన్నుల దాకా ఉన్నాయి. బియ్యం తగ్గించి, చేతిసంచీలో ఆ గోధుమలు కొలిచి పోశారు రేషన్‌లో. అమ్మమ్మ మర పట్టించుకొచ్చి, తనకు తెలిసిన పనే చేసింది. బియ్యప్పిండి రొట్టెకి చేసినట్టు నీళ్ళు మరిగించి, ఉప్పేసి, అందులో పిండి పోసి ఉక్కబెట్టింది. బియ్యప్పిండికి అలా చేయకపోతే ముద్ద పట్టదు మరి. గోధుమపిండి బంకబంకైంది. చేత్తో అద్ది కాలిస్తే పొంగలేదు. పక్క క్వార్టర్స్‌లోని బిహారీ ఆవిడ చూసి, చన్నీళ్ళతో కలిపి పిడికిలితో మర్దించి తడిగుడ్డ కప్పడం నేర్పింది. అలా చేస్తే చక్కగా పొంగాయిగానీ, మధ్యాహ్నం తాతయ్య వర్క్‌షాపులో క్యారేజీ విప్పేసరికి అప్పడాల్లా ఉండేవట. ఉక్కబెట్టిన రోజు రొట్టెలు పొంగకపోయినా మధ్యాహ్నానికి కూడా మెత్తగానే ఉండేవి. దాంతో అమ్మమ్మ రెంటికీ మధ్య ఒక చోట ఆగింది. వేలు పెడితే వెచ్చగా తగిలేంత. ఆ వేడే అమ్మకి వచ్చింది. అమ్మ దగ్గర గ్లాసు పట్టుకుని నిలబడిన నేను నీళ్ళ కొలత రాసుకున్నానేగానీ వేడి రాసుకోలేదు. అది రాయకుండానే నా వేలికి వచ్చేసింది.

ఇంత చక్కగా గొలుసు కుదరడం చూస్తే నాకే అనుమానం. కథను నేనే పేనుతున్నానా? కావచ్చు. కానీ పరదేశం వచ్చి కొత్త పిండితో తంటాలు పడుతున్న మొదటిదాన్ని నేనేనని ఇన్నాళ్ళూ అనుకున్నాను. మా ఇంట్లో గోధుమే పరదేశం నుంచి వచ్చిందని, దాన్ని బియ్యం అలవాటు పడ్డ చేతితో అందుకున్న మనిషి ఒకరు నాకు ముందే ఉన్నారని తెలిశాక ఆ తంటాల మీద నాకు గౌరవం కలిగింది. అమ్మమ్మ చేసినది పొరపాటే. ఆ పొరపాటును సగం దిద్దుకుని సగం ఉంచుకుంది. ఆ ఉంచుకున్న సగమే మా ఇంటి చపాతీ. బిస్కట్ల సంగతీ అంతే అయింది. సరైన పిండి దొరికేదాకా రెండేళ్ళపాటు బలమైన పిండిలో కార్న్‌ఫ్లోర్ కలిపి, నెయ్యి పెంచి, ఎలాగోలా నెట్టుకొచ్చాను. గుల్లగా కాక, కాస్త కరకరమని, నమిలితే లోపల మెత్తగా వచ్చేవి. ఇక్కడే పుట్టిన మా అమ్మాయికి పళ్ళొచ్చాక తిన్న మొదటి బిస్కట్లు అవే. ఇప్పుడు తక్కువ జిగురు పిండి తెచ్చి, తూచి, తెనాలి బేకరీలోలాగే గుల్లగా చేసిపెడితే ఒకటి కొరికి పక్కన పెడుతుంది. "మన బిస్కట్లు చెయ్యమ్మా" అంటుంది. మొదట్లో మనసు చివుక్కుమనేది. ఇప్పుడు రెండు డబ్బాలకి చేస్తాను.

షార్జా ఎడారిలో, మలీహా దగ్గర 2022 నవంబరులో గోధుమ పొలం మొదలుపెట్టారు. తొలి విడత నాలుగువందల హెక్టార్లు. ఇసుక మధ్య చక్రాల్లా తిరిగే నీటిగొట్టాల కింద ఆకుపచ్చటి వలయాలు. మరుసటి మార్చిలో కోతలయ్యాయి. సబా సనాబిల్, అంటే ఏడు వెన్నులు, అన్న పేరుతో ఆ పిండి కొట్లోకి వచ్చింది. మాంసకృత్తులు పద్దెనిమిది శాతం దాటాయని షార్జా వాళ్ళు ప్రకటించారు. మొదటిసారి ఈ నేల పిండి చేతికి తగిలింది. కిందటి డిసెంబరులో తెనాలి వెళ్తూ సూట్‌కేసులో ఒక ప్యాకెట్ బట్టల మధ్య పెట్టుకెళ్ళాను. అమ్మకి డెబ్భై దాటాయి. పళ్ళెంలో పోసి, వేళ్ళ మధ్య నలిపి, చిటికెడు నాలుక మీద వేసుకుంది. "ఎడారిలో పండిందా ఇది?" అని రెండుసార్లు అడిగింది. నేను తూకం యంత్రం కూడా తీసుకెళ్ళాను, సంచీలోంచి తీయలేదు. పీట మీద కూర్చుని ఉప్పేసి, మధ్యలో గుంట చేసి, చెంబులో నీళ్ళు కొద్దికొద్దిగా పోస్తూ కలిపింది. చెంబు ఖాళీ అయింది. ముద్దను ఒకసారి నొక్కి, చెయ్యి వెనక్కి తిప్పి చూసి, "ఇంకా అడుగుతోందే" అంది. నేను లేచి కుళాయి దగ్గర చెంబు నింపుకొచ్చాను. డిసెంబరు పొద్దు, తెనాలి కుళాయి నీళ్ళు చల్లగా ఉన్నాయి. అమ్మ అందులో వేలు ముంచి, చెంబు నా చేతికే తిరిగి ఇచ్చింది.

"కాస్త వెచ్చబెట్టి తే."

వెళ్ళి పొయ్యి వెలిగించాను.